పెట్రాకి వెళ్తున్నారా? మూడు రాత్రుల ప్రయాణానికి మెట్టుమెట్టుగా ప్లాన్

పెట్రా అంటే జోర్డాన్‌లో కొండల్ని తొలిచి కట్టిన పాత నగరం. జోర్డాన్ టికెట్లు బుక్ చేసుకున్నవాళ్లు ముందు అడిగేది ఒకటే: పెట్రాకి ఒక్క రోజు చాలదా? చాలదు. ఒక్క రోజులో ట్రెజరీ అనే కొండలో చెక్కిన కట్టడం దగ్గర ఫొటో దిగి రావచ్చు, అంతే. ఆ తర్వాత వచ్చే ప్రశ్నలు కూడా దాదాపు అవే: పాస్ కొనాలా వద్దా, ఎన్ని గంటలకు వెళ్లాలి, ముందు ఏది చూడాలి, పెద్దవాళ్లు నడవగలరా, ఎడారిలో రాత్రి ఉండొచ్చా. అన్నిటికీ వరుసగా చెప్తాను. చరిత్ర జోలికి పోను, అది ఎక్కడైనా దొరుకుతుంది.

ఒక్క మాట మాత్రం మొదటే గుర్తుపెట్టుకోండి. ఇక్కడ అయిపోయేది టైమ్ కాదు, కాళ్లు. గేటు నుంచి లోపలికి వెళ్లేటప్పుడు దారి చాలావరకు పల్లం. వచ్చేటప్పుడు అదే దారి ఎక్కుడు, అదీ బాగా అలిసిపోయాక. కింద చెప్పిన ప్లాన్ అంతా ఈ లెక్క మీదే వేసింది.

1. ఎన్ని రోజులు, ఏ నెల

కనీసం మూడు రాత్రులు పెట్టుకోండి. మొదటి రెండు రాత్రులు పెట్రా పక్కనే ఉన్న వాదీ మూసా ఊళ్లో, మూడోది వాదీ రమ్ ఎడారిలో. వీసా ఫీజు మాఫీకి కూడా మూడు రాత్రులే షరతు. దాని సంగతి తర్వాతి భాగంలో ఉంది.

మార్చి నుంచి మే దాకా, సెప్టెంబర్ నుంచి నవంబర్ దాకా నడకకు బాగుంటుంది. జూలై, ఆగస్టుల్లో మధ్యాహ్నం రాతి మెట్లు ఎక్కడం శిక్షే. డిసెంబర్, జనవరిల్లో జనం తక్కువ, గదులు చవక. కానీ వాదీ మూసా ఎత్తులో ఉంది కాబట్టి చలి గట్టిగా ఉంటుంది, అప్పుడప్పుడు మంచు కూడా పడుతుంది. చలికాలంలో సైటు తొందరగా మూస్తారు.

రంజాన్ నెలలో వెళ్తే పగలు చాలా హోటళ్లు మూసి ఉంటాయి. ప్రయాణం ఆపుకోనక్కర్లేదు, తిండి వెంట పెట్టుకోండి. జోర్డాన్‌లో వారాంతం శుక్ర, శనివారాలు. ఆ రెండు రోజులూ స్థానికులు కూడా వస్తారు. వీలైతే పెట్రాని ఆది నుంచి గురువారం మధ్యలో పెట్టుకోండి.

2. వీసా, టికెట్, పాస్: బయల్దేరకముందే తేల్చాల్సిన లెక్క

జోర్డాన్ పాస్ ఆన్‌లైన్‌లో కొనాలి. అది ఉంటే పెట్రా టికెట్, వాదీ రమ్ ప్రవేశం, ఇంకా పదుల సంఖ్యలో చారిత్రక స్థలాలు దాంట్లోనే వచ్చేస్తాయి. దేశంలో అడుగుపెట్టకముందే కొని, వరుసగా కనీసం మూడు రాత్రులు ఉంటే వీసా ఫీజు కూడా పోతుంది.

విడిగా కొంటే ఖర్చు ఇలా ఉంటుంది:

- ఒకసారి ప్రవేశానికి వీసా ఫీజు: 40 దీనార్లు
- పెట్రా ఒక రోజు టికెట్: 50 దీనార్లు
- పెట్రా రెండు రోజుల టికెట్: 55 దీనార్లు
- పెట్రా మూడు రోజుల టికెట్: 60 దీనార్లు
- జోర్డాన్‌లో రాత్రి బస చేయకుండా వచ్చిపోయేవాళ్లకి పెట్రా ఒక రోజు: 90 దీనార్లు

పాస్ ధరలు 70, 75, 80 దీనార్లు. పెట్రాకి ఒక రోజా, రెండా, మూడా అన్నదే వీటి మధ్య తేడా.

ఇప్పుడు కూడి చూడండి. వీసా, రెండు రోజుల టికెట్ విడివిడిగా కొంటే 95. పాస్‌తో 75. అంటే 20 దీనార్లు మిగిలినట్టే. అదే మీరు రెండు రాత్రులే ఉంటే వీసా ఫీజు మాఫీ కాదు. అప్పుడు 75 ప్లస్ 40, మొత్తం 115 అవుతుంది. పాస్ కొని నష్టపోయినట్టు. మూడు రాత్రులుంటే కొనండి, అంతకన్నా తక్కువైతే పెట్రా టికెట్ గేటు దగ్గర తీసుకోండి. ఒకటికీ రెండుకీ తేడా 5 దీనార్లే కాబట్టి ఒక రోజు పాస్ జోలికి మాత్రం వెళ్లొద్దు.

దీనార్ డాలర్ కన్నా ఖరీదైనదన్న సంగతి మర్చిపోవద్దు. ఒక దీనార్ అంటే దాదాపు 1.41 డాలర్లు. ఎవరైనా "ఐదే కదా" అంటే చిన్న మొత్తంలా వినిపిస్తుంది, కాదు.

భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు టికెట్ బుక్ చేసేముందు జోర్డాన్ రాయబార కార్యాలయం చెప్పే తాజా నిబంధనలు చూసుకోవాలి. తిరుగు టికెట్, హోటల్ బుకింగ్, చేతిలో తగినంత డబ్బు చూపించమని అడగొచ్చు. ఇవన్నీ ప్రింట్ తీసి ఒక కవర్‌లో పెట్టుకుంటే టెన్షన్ ఉండదు. ధరలు కూడా బుక్ చేసే రోజున ఇంకోసారి సరిచూసుకోండి.

కొన్నాక చేయాల్సినవి:

- పాస్ క్యూఆర్ కోడ్ ఫోన్‌లో సేవ్ చేసుకోండి, ఒక ప్రింట్ కూడా ఉంచుకోండి
- పాస్ మీద పేరు, పాస్‌పోర్ట్ నంబర్ అక్షరం తేడా లేకుండా ఉన్నాయా చూడండి
- ఇమిగ్రేషన్ కౌంటర్‌లో వీసా డబ్బు కట్టకముందే పాస్ చూపించండి
- డ్రోన్ ఇంట్లోనే వదిలేయండి, అనుమతి లేకుండా తెస్తే విమానాశ్రయంలోనే ఉంచేసుకుంటారు

3. అమ్మాన్ నుంచి వాదీ మూసాకి

జోర్డాన్ రాజధాని అమ్మాన్ నుంచి దూరం సుమారు 235 కి.మీ. డెజర్ట్ హైవే మీద మూడు గంటల పైచిలుకు. కింగ్స్ హైవే అని ఇంకో దారి ఉంది, కొండలు లోయల మీదుగా అందంగా ఉంటుంది. కానీ ఐదు గంటలు పట్టొచ్చు, ఆగుతూ వెళ్తే రోజంతా. చిన్న ప్రయాణంలో దానికి చోటు లేదు.

బస్సులో వెళ్లాలంటే జెట్ కంపెనీ పర్యాటక బస్సు అమ్మాన్ నుంచి పొద్దున్నే బయల్దేరుతుంది. సీటు ముందురోజే తీసుకోవాలి. అది పెట్రా చేరేసరికి పొద్దు ఎక్కిపోతుంది, పైగా సాయంత్రమే తిరుగు బస్సు ఉంటుంది. అందుకే ఆ బస్సు నమ్ముకుని ఒక్క రోజులో వచ్చిపోయే ప్లాన్ వేయకండి. వాదీ మూసా చేరడానికి మాత్రమే వాడుకోండి.

కారు తీసుకుంటే సుఖం. అక్కడ బండి రోడ్డుకి కుడివైపున నడపాలి, అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ వెంట ఉండాలి. చీకటి పడ్డాక హైవే మీద వద్దు. లారీలు, గుర్తు పెట్టని స్పీడ్ బ్రేకర్లు, దారికి అడ్డం వచ్చే ఒంటెలు. విమానం రాత్రి దిగుతుంటే ఆ రాత్రి విమానాశ్రయానికి దగ్గరగా ఉండే మాదబాలో పడుకుని తెల్లారాక బయల్దేరండి. అలాంటప్పుడు ఒక రాత్రి అదనంగా లెక్కేసుకోవాలి.

4. గది ఎక్కడ

వాదీ మూసా కొండవాలు మీద ఉన్న ఊరు. పైన హోటళ్లు చవక, కింద గేటు పక్కన ఖరీదు. పొద్దున్న పై నుంచి గేటు దాకా హాయిగా దిగిపోతారు, సాయంత్రం అదే రోడ్డు నిలువెక్కుడు. పది, పదకొండు కిలోమీటర్లు నడిచొచ్చాక ఆ రోడ్డు చూస్తే ఏడుపొస్తుంది. డబ్బు మిగిల్చాలంటే ఇంకెక్కడైనా మిగల్చండి, ఇక్కడ మాత్రం గేటుకి నడిచే దూరంలో గది తీసుకోండి. పైన తీసుకుంటే ఉదయం, సాయంత్రం హోటల్ వాళ్ల బండి ఉందో లేదో బుకింగ్‌కి ముందే అడగండి.

5. సంచిలో ఏం ఉండాలి

బూట్ల గురించి ముందు. కొత్తవి కొనుక్కుని అక్కడే మొదటిసారి తొడగొద్దు. అడుగున గట్టి పట్టు ఉన్న, అప్పటికే అలవాటైన బూట్లు కావాలి. మెట్లన్నీ ఇసుకరాయి, వాడకంతో నున్నగా అరిగి మధ్యలో గుంట పడ్డాయి, వాటి మీద సన్నటి ఇసుక పొర ఉంటుంది. ఎక్కేటప్పుడు ఏమీ తెలియదు. దిగేటప్పుడే మడమ సర్రున జారుతుంది.

- ఒక్కొక్కరికి కనీసం 2 లీటర్ల నీళ్లు, వేసవిలో 3
- ఖర్జూరాలు, వేరుశనగ చిక్కీలు, ఓఆర్‌ఎస్ పొడి
- టోపీ, సన్‌స్క్రీన్, కళ్లజోడు
- మెడకి చుట్టుకునే పలచటి కండువా, దుమ్ముకీ ఎండకీ రెండిటికీ
- ఉన్ని స్వెట్టర్ లేదా జాకెట్, ఏ నెలలో వెళ్లినా
- మోకాళ్ల నొప్పి ఉంటే మోకాలి పట్టీ, మడిచే చేతికర్ర
- పొక్కులకి బ్యాండ్ ఎయిడ్
- చిన్న నోట్లు: 1, 5 దీనార్లవి
- పవర్ బ్యాంక్, ముందే డౌన్‌లోడ్ చేసుకున్న మ్యాప్
- టాయిలెట్ పేపర్, శానిటైజర్

భుజాలు, మోకాళ్లు కప్పే వదులు బట్టలు వేసుకోండి. స్థానిక మర్యాదకీ సరిపోతుంది, ఎండకీ సరిపోతుంది. లోపల దాదాపు అంతా నగదు మీదే నడుస్తుంది కాబట్టి ఏటీఎం పని ఊళ్లోనే ముగించుకోండి.

6. ముందురోజు సాయంత్రం

హోటల్ రిసెప్షన్‌లో రేపటి బ్రేక్‌ఫాస్ట్ ప్యాక్ చేసివ్వమని చెప్పండి. వాళ్ల వంటగది తెరిచేదాకా ఆగితే గేటు దగ్గర మీ ముందు టూర్ బస్సులుంటాయి. మూడు వస్తువులే ఉంటాయనుకోండి, రొట్టె, గుడ్డు, చీజ్. శాకాహారులు గుడ్డు వద్దని విడిగా చెప్పాలి.

రాత్రిపూట కొవ్వొత్తుల వెలుగులో ట్రెజరీ దాకా తీసుకెళ్లే కార్యక్రమం ఒకటుంది. దానికి వేరే టికెట్, పాస్‌లో రాదు. బాగుంటుంది కానీ తప్పనిసరి కాదు. ఆ రాత్రి వెళ్లి పొద్దున్న 6కి గేటు దగ్గర ఉండాలనుకుంటే రెండూ చెడతాయి. నన్నడిగితే నిద్రకే ఓటు.

7. మొదటి రోజు: గేటు నుంచి మోనాస్టరీ దాకా

గేటు ఉదయం 6కి తెరుస్తారు. మీరు ఆ టైమ్‌కి అక్కడ ఉండాలి. ఈ మొత్తం రాతలో ఒక్క సలహా పాటిస్తానంటే అది ఇదే.

7.1. గేటు నుంచి సీక్ దాకా (సుమారు 800 మీటర్లు)

టాయిలెట్ పని ఇక్కడే చూసుకోండి. కంకర దారిలో నడుస్తుంటే కుడివైపు జిన్ రాళ్లనే పెద్ద రాతి దిమ్మెలు, ఎడమవైపు ఒబెలిస్క్ సమాధి కనిపిస్తాయి. నడుస్తూ చూసి ముందుకెళ్లండి. చాలామంది ఇక్కడే అరగంట ఫొటోలతో గడిపేస్తారు.

7.2. సీక్ (సుమారు 1.2 కి.మీ.)

రెండు కొండల మధ్య ఇరుకు దారి ఇది, కొన్నిచోట్ల 3 మీటర్ల వెడల్పే ఉంటుంది. ఇక్కడ మాత్రం తొందరపడొద్దు. గోడలకి నడుము ఎత్తున తొలిచిన కాలువ చూడండి, అది ఊరికి నీళ్లు తెచ్చిన కాలువ. ఎదుటి గోడలో మట్టి గొట్టాల ముక్కలు కూడా ఉన్నాయి. సగం దారి దాటాక ఎడమ గోడ మీద ఒంటెల బిడారు శిల్పం ఉంది. పైభాగం అరిగిపోయింది, మనిషి పాదాలు, ఒంటె కాళ్లు, పొట్ట వంపు మిగిలాయి. వాటిని చూశాక ఒకసారి తలెత్తితే మిగతా ఒంటె ఎక్కడిదాకా ఉండేదో ఊహకందుతుంది. గుంపులో వెళ్లేవాళ్లు దీన్ని చూడకుండానే దాటిపోతారు.

7.3. ట్రెజరీ

పొద్దున్న 7 లోపు చేరితే ముందున్న ఖాళీ స్థలంలో వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే ఉంటారు. ఆ వేళకి ముఖభాగం మీద నేరుగా ఎండ పడదు, అది సుమారు 9 తర్వాతి సంగతి. ఎండ కోసం అక్కడే కాచుకుని కూర్చోవద్దు. ఇరవై నిమిషాలు చూసి కదలండి. తిరిగి వచ్చేది ఇదే దారి. ఎండలో మెరిసే ట్రెజరీ రేపు పై నుంచి చూస్తారు.

లోపలికి వెళ్లనివ్వరు. మెట్ల దగ్గర తాడు కట్టి ఉంటుంది, కాపలావాళ్లతో వాదించి లాభం లేదు.

7.4. థియేటర్, రాజ సమాధులు, స్తంభాల వీధి

ఇక్కణ్ణుంచి లోయ వెడల్పవుతుంది. కొండని తొలిచి కట్టిన థియేటర్ దాటాక కుడివైపు కొండ మీద రాజ సమాధులు వరుసగా ఉంటాయి. అన్నీ ఎక్కి చూడాలని లేదు, అర్న్ సమాధి ఒక్కటి లోపలికి వెళ్లి చూడండి. లోపలి కప్పు మీద ఎరుపు, ఊదా, తెలుపు పట్టెలు కట్టిన రాయి బయటి చెక్కడం కన్నా బాగుంటుంది. ఇవి పడమటి ముఖంగా ఉన్నాయి కాబట్టి బయటి ఫొటోలు సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు తీసుకోండి.

తర్వాత స్తంభాల వీధి. దానికి కుడివైపు మిట్ట మీద బైజాంటిన్ చర్చి ఉంది. నేల మీద మొజాయిక్ బొమ్మలు చెక్కుచెదరకుండా ఉన్నాయి, పైన నీడ కూడా ఉంటుంది. జంతువులు, చేపలు, రుతువులు, పళ్ల బుట్టలు. అరగంట కూర్చోవడానికి దీన్ని మించిన చోటు లోపల లేదు. జనం ఇటు రారు.

7.5. మధ్యాహ్న భోజనం, విశ్రాంతి

వీధి చివర కస్ర్ అల్ బింత్ అనే పాత గుడి దగ్గర హోటళ్లున్నాయి, బఫే ధర ఎక్కువే. వెంట తెచ్చుకున్నది తిన్నా ఎవరూ ఏమీ అనరు. మెట్లు మొదలయ్యేముందు టాయిలెట్లు కూడా ఇక్కడే ఉన్నాయి. కడుపు నిండా తినొద్దు, మెట్లు ఎక్కాలి. బూట్లు విప్పి అరగంట కాళ్లు చాపుకోండి.

7.6. మోనాస్టరీ (సుమారు 800 మెట్లు)

ట్రెజరీలాగే కొండలో చెక్కిన ఇంకో పెద్ద కట్టడం ఇది. మామూలు రోజుల్లో మధ్యాహ్నం 2 ప్రాంతంలో మొదలుపెట్టండి. అప్పటికి మెట్లదారిలో నీడ పడుతుంది, పైన మోనాస్టరీ మీద ఎండ పడుతుంది. డిసెంబర్, జనవరిల్లో ఈ లెక్క పనికిరాదు. చీకటి తొందరగా పడుతుంది కాబట్టి 12:30కే బయల్దేరాలి.

ఓపిగ్గా ఎక్కితే 45 నిమిషాల నుంచి గంట. ఒకే ఊపులో కాకుండా వంద మెట్లకోసారి నిలబడండి, కూర్చోవద్దు. పైకి చేరాక ముందు మోనాస్టరీకి ఎదురుగా ఉన్న టీ కొట్టులో కూర్చుని పుదీనా టీ తాగండి. దాని ముఖభాగం వెడల్పు, ఎత్తు రెండూ 45 మీటర్లకు పైనే. గడప దగ్గర మనిషి నిలబడితేనే ఆ కొలత తెలుస్తుంది. ఇంకా ఓపిక ఉంటే వెనక కొండ అంచుల మీద వ్యూ పాయింట్లున్నాయి, వాదీ అరబా లోయ కనిపిస్తుంది. అంచుకి కంచె లేదు, పిల్లల చెయ్యి వదలొద్దు.

7.7. తిరుగు దారి

మోనాస్టరీ నుంచి గేటు దాకా కనీసం రెండు గంటలు ఉంచుకోండి. గేటు నుంచి మోనాస్టరీకి వెళ్లి రావడం, మధ్యలో తిరుగుడు కాకుండానే, సుమారు 10.5 కి.మీ. వేసవిలో సాయంత్రం 6కి, చలికాలంలో 4కి సందర్శకులను లోపలికి పంపడం ఆపేస్తారు. ఆ తర్వాత బయటికి పంపించడం మొదలవుతుంది.

దిగేటప్పుడు పాదం కాస్త పక్కకి తిప్పి, మెట్టు అంచు మీద కాకుండా లోపలివైపు వేయండి. ఎదురుగా గాడిద వస్తే కొండవైపు ఒదిగి నిలబడండి, లోయవైపు కాదు.

8. రెండో రోజు: ఒక్కటే ఎంచుకోండి

మళ్లీ 6కే గేటు. ఈసారి సీక్‌లో ఆగకుండా నేరుగా వెళ్లండి. కింది రెండిట్లో ఒక్కటి చేసి, 11:30కల్లా గేటు బయట ఉండాలి. రెండూ చేద్దామనుకుంటే వాదీ రమ్‌లో సూర్యాస్తమయం పోతుంది.

అల్ ఖుబ్తా దారి: రాజ సమాధుల పక్క నుంచి మెట్లు ఎక్కి, కొండ మీద నడిచి, ట్రెజరీని సరిగ్గా పై నుంచి చూసే చోటికి చేరుస్తుంది. వెళ్లి రావడం సుమారు 3.5 కి.మీ. 9 ప్రాంతంలో అక్కడుంటే ట్రెజరీ మీద ఎండ పడుతుంది. చివర బెదూయిన్ల (ఎడారి తెగవాళ్ల) టీ డేరా ఉంది, ఒక టీ కొని కూర్చోవడం పద్ధతి. మొదటిసారి వెళ్లేవాళ్లకి నా సలహా ఇదే.

బలిపీఠం కొండ: థియేటర్‌కి కాస్త ముందు ఎడమవైపు మెట్లు మొదలవుతాయి. పైన కొండనే చుట్టూ తొలగించి నిలబెట్టిన రెండు రాతి స్తంభాలు, బలిపీఠం ఉన్నాయి. వచ్చిన దారిన కాకుండా వెనకవైపు వాదీ ఫరసా మీదుగా దిగితే సింహం శిల్పం, రోమన్ సైనికుడి సమాధి, రంగురంగుల రాతి మండపం దారిలోనే వస్తాయి. జనం చాలా తక్కువ. కాకపోతే కస్ర్ అల్ బింత్ దగ్గర తేలుతారు, అక్కణ్ణుంచి గేటుకి 4 కి.మీ. ఎక్కుడు.

9. గుర్రాలు, గాడిదలు, బగ్గీలు

గేటు నుంచి సీక్ మొదలు దాకా గుర్రం "టికెట్‌లోనే ఉంది, ఫ్రీ" అంటారు. అబద్ధం కాదు. కానీ దిగాక టిప్ అడుగుతారు, అదీ గట్టిగానే. ఎక్కాలనుకుంటే ఎంతివ్వాలో ఎక్కకముందే తేల్చుకోండి. వద్దనుకుంటే "లా, షుక్రన్" (వద్దు, థాంక్స్) అని నవ్వుతూ నడక ఆపకుండా వెళ్లండి. ఆగి కారణాలు చెప్పడం మొదలుపెడితే అయిపోయారు.

గాడిద వాళ్లు "ఏసీ ట్యాక్సీ" అని పిలుస్తారు. హాస్యం బాగుంటుంది, మెట్లు బాగుండవు. అరిగిన రాయి మీద గాడిద కాలు జారితే పక్కన లోయ. పైగా ఆ జంతువుల మీద పడే భారం చూశాక ఎక్కబుద్ధి కాదు.

పెద్దవాళ్లుంటే గేటు నుంచి ట్రెజరీ దాకా ఎలక్ట్రిక్ బగ్గీలున్నాయి. రానూపోనూ కలిపి మాట్లాడుకోండి, తిరుగు టైమ్ కూడా రాయించుకోండి. మధ్యాహ్నం తర్వాత ట్రెజరీ దగ్గర వాటికోసం క్యూ ఉంటుంది. బగ్గీలో వచ్చి, థియేటర్ దాకా మెల్లగా నడిచి, తిరిగి బగ్గీలో వెళ్లడం మోకాళ్లు నొప్పులున్నవాళ్లు కూడా చేయగలరు.

గైడ్ కావాలంటే విజిటర్ సెంటర్‌లో లైసెన్సున్నవాళ్లనే తీసుకోండి. కస్ర్ అల్ బింత్ దాకా గైడ్ ఉంటే ఉపయోగం, మెట్లు ఎక్కడానికి అక్కర్లేదు.

10. వాన వస్తే

ఎడారిలో వాన ఏమిటని తీసిపారేయొద్దు. చుట్టూ కొండల మీద పడ్డ నీళ్లన్నీ ఈ ఇరుకు లోయల్లోకే వస్తాయి. 1963 ఏప్రిల్‌లో సీక్‌లోకి వచ్చిన వరదలో ఇరవైమందికి పైగా ఫ్రెంచి పర్యాటకులు చనిపోయారు. ఆ తర్వాత సీక్ మొదట్లో ఆనకట్ట కట్టి, నీళ్లు పెట్రాని కట్టిన నబతీయుల పాత సొరంగంలోకి మళ్లేలా చేశారు. అయినా 2018 నవంబర్‌లో వరదొచ్చి వేలమందిని ఖాళీ చేయించాల్సి వచ్చింది.

- అక్టోబర్ నుంచి మే దాకా వెళ్లేవాళ్లు ముందురోజు రాత్రి, ఆ పొద్దున్న రెండుసార్లు వాతావరణ సూచన చూడాలి
- మీ నెత్తిన ఆకాశం నీలంగా ఉన్నా పై కొండల మీద మబ్బుంటే జాగ్రత్త
- ఖాళీ చేయమన్నప్పుడు ఫొటో, షాపింగ్ అన్నీ వదిలి చెప్పిన దిక్కుకి కదలాలి
- నీళ్లు వస్తుంటే సీక్‌లోకి పరిగెత్తొద్దు, ఎత్తైన చోటికి ఎక్కాలి
- సైటు మూస్తే రెండో రోజు ఉంటుంది, రెండు రోజుల టికెట్ వల్ల లాభం ఇక్కడ కూడా

11. జనం తరచూ చేసే తప్పులు, వాటికి మందు

ట్రెజరీ దగ్గర మూడు గంటలు గడపడం. ఫలితంగా మోనాస్టరీకి ఎండవేళ బయల్దేరి సగంలో వెనక్కి వస్తారు. అప్పటికే ఆలస్యమైతే రాజ సమాధులు వదిలేసి నేరుగా కస్ర్ అల్ బింత్‌కి వెళ్లి తిని, నీడ పడ్డాక ఎక్కండి.

"ఆ దారి మూసేశారు, నాతో రండి" అన్నవాళ్ల వెంట వెళ్లడం. ట్రెజరీ ఎదురుగా ఉన్న నిట్టనిలువు కొండ మీదికి ఇలా తీసుకెళ్లి పైన డబ్బు అడుగుతారు, రాళ్లు జారే దారి అది. పై నుంచి చూడాలంటే అల్ ఖుబ్తా ఉండనే ఉంది.

పాత నాణేలు కొనడం. నిజమైనవైతే దేశం దాటించడం నేరం, నకిలీవైతే డబ్బు దండగ. రెండు విధాలా మీకే నష్టం.

పోస్టుకార్డులు అమ్మే చిన్నపిల్లల దగ్గర కొనడం. జాలితోనే కొంటాం, కానీ దాని వల్లే వాళ్లని బడి మాన్పించి ఇక్కడికి పంపుతారు. కొనాలనుకుంటే పెద్దవాళ్లు నడిపే కొట్లలో కొనండి.

నీళ్లు సగం అయ్యేదాకా తాగకుండా దాచుకోవడం. పొడి గాలిలో చెమట ఆరిపోతుంది కాబట్టి దాహం తెలియదు, తలనొప్పి మొదలయ్యాక తెలుస్తుంది. అప్పుడు నీడన కూర్చుని ఓఆర్‌ఎస్ తాగి, అరగంట తర్వాత కూడా తగ్గకపోతే వెనక్కి తిరగండి.

12. వాదీ రమ్‌లో రాత్రి

పెట్రా నుంచి సుమారు గంటా ముప్పావు ప్రయాణం. మధ్యాహ్నం 1 లోపు వాదీ మూసా వదిలితే సూర్యాస్తమయానికి ముందు జీపు తిరుగుడు దొరుకుతుంది. కారు ఉంటే రమ్ గ్రామంలో వదిలేయాలి, క్యాంపు వాళ్లు అక్కణ్ణుంచి తమ జీపులో తీసుకెళ్తారు. విజిటర్ సెంటర్‌లో పాస్ చూపించడం మర్చిపోవద్దు, లేకపోతే ప్రవేశానికి మళ్లీ కడతారు.

క్యాంపు బుక్ చేసేటప్పుడు ఈ ప్రశ్నలు అడగండి:

- క్యాంపు రక్షిత ప్రాంతం లోపల ఉందా, దీసీ ఊరి పక్కనా? దీసీలో చవకే కానీ రోడ్డు, పక్క క్యాంపుల లైట్లు కనిపిస్తాయి
- రమ్ గ్రామం నుంచి తీసుకెళ్లడం, రాత్రి భోజనం, ఉదయం టిఫిన్ ధరలో కలిసే ఉన్నాయా?
- జీపు టూర్ ఎన్ని గంటలు, ఎక్కడెక్కడ ఆపుతారు?
- బాత్రూమ్ గదిలోనా, అందరికీ కలిపా?
- దుప్పట్లు ఎన్ని ఇస్తారు?

రాత్రి భోజనానికి జర్బ్ పెడతారు. ఇసుకలో గొయ్యి తీసి, నిప్పుల మీద మాంసం, కూరగాయలు పెట్టి, మూత మీద ఇసుక కప్పి వండుతారు. మాంసం, కూరగాయలు ఒకే జల్లెడ అంతస్తుల్లో ఉడుకుతాయి. శాకాహారులు ముందురోజే చెప్తే విడిగా చేస్తారు, వచ్చాక చెప్తే హమ్మస్, రొట్టె, సలాడ్‌తో సరిపెట్టుకోవాలి.

జీపు అంటే వెనక బెంచీలు వేసిన తెరిచిన బండి. కండువా ముక్కుకి కట్టుకోండి, ఫోన్ జేబులో జిప్ వేసి పెట్టుకోండి. రెండు మూడు గంటల టూర్‌లో ఖజాలీ ఇరుకు లోయలోని పాత రాతలు, ఉమ్ ఫ్రూత్ రాతి వంతెన, ఎర్ర ఇసుక తిన్నె, సూర్యాస్తమయం చాలు. పన్నెండు చోట్లు చూపిస్తామనే టూర్ కన్నా నాలుగు చోట్ల ఆగేదే మేలు.

నక్షత్రాల కోసం వెళ్లేవాళ్లు తేదీలు అమావాస్యకి దగ్గరగా పెట్టుకోవాలి. పున్నమి వెన్నెల్లో ఇసుక బాగుంటుంది, చుక్కలు కనిపించవు. చలికాలం రాత్రి దాదాపు సున్నాకి పడిపోతుంది, పడుకునేముందు సాక్సులు, ఉన్ని టోపీ వేసుకోండి.

13. చివరి రోజు

రమ్ గ్రామం నుంచి అమ్మాన్ విమానాశ్రయానికి దాదాపు నాలుగు గంటలు. విమానానికి మూడు గంటల ముందు చేరాలి కాబట్టి రాత్రి 9 ఫ్లైట్ అయితే మధ్యాహ్నం 1:30కి బయల్దేరినా ఊపిరి ఉంటుంది. మధ్యాహ్నం ఫ్లైట్ ఉన్నవాళ్లు మాత్రం మూడో రాత్రి వాదీ రమ్ వదులుకుని అమ్మాన్ దగ్గర ఉండటమే మంచిది.

దారిలో పోలీసు చెక్‌పోస్టులుంటాయి, పాస్‌పోర్టులు లగేజీ అడుగున కాకుండా చేతి సంచిలో పెట్టుకోండి. మిగిలిన దీనార్లు విమానాశ్రయంలోనే మార్చేయండి, జోర్డాన్ దాటాక వాటిని తీసుకునేవాళ్లు దొరకడం కష్టం.